విరిగిన పాత బెంచ్ వైస్‌ని మళ్లీ పనిలో పెట్టడం: తరచుగా అడిగే ప్రశ్నలు

నల్లగొండ, మిర్యాలగూడ, మహబూబ్‌నగర్ వైపు బోరు మోటార్ల షెడ్లలో, రైస్ మిల్లుల వర్క్‌షాపుల్లో పాత వైస్‌లు, అంటే బల్లకు బిగించి పని ముక్కను రెండు దవడల మధ్య పట్టి ఉంచే సాధనాలు, ఇంకా చాలానే ఉన్నాయి. కొన్నిటి మీద ఇంగ్లండ్ పేరు ఉంటుంది, కొన్నిటి మీద పేరే ఉండదు. అవి విరిగినప్పుడు జనం నన్ను అడిగే ప్రశ్నలు, నేను చెప్పే జవాబులు ఇవి. పగులు, అతుకు గురించి ఎక్కువ రాశాను. డబ్బులు పోయేదీ, వైస్ పోయేదీ అక్కడే. మిగతావి క్లుప్తంగా చెప్పి వదిలేశాను.

మా నాయన వాడిన వైస్ విరిగింది. బాగుచేయించాలా, కొత్తది కొనాలా?

ఎక్కడ విరిగిందో చూసి చెప్పాల్సిన మాట ఇది. స్క్రూ, నట్, జా ప్లేట్లు (దవడల ముఖాలకు బిగించే ఉక్కు పట్టీలు), హ్యాండిల్, స్ప్రింగ్ లాంటివి అరిగితే మార్చుకోవడానికే పెట్టిన భాగాలు. వాటి కోసం వైస్‌ని పారేయక్కర్లేదు. అడుగున బోల్టు పట్టే చెవి ఊడినా కంగారు లేదు. స్థిరంగా ఉండే దవడ పైమూల పెచ్చు లేచినా బాగవుతుంది.

ఆలోచించాల్సినవి రెండే చోట్లు. ఒకటి, కదలని దవడ మెడ, అంటే దవడ నిలువుగా లేచే చోటు. రెండు, ముందు దవడ నుంచి వెనక్కి పోయే స్లైడ్. బిగించినప్పుడు లాగుడంతా ఈ రెండింటి మీదే పడుతుంది. మెడ దగ్గర పగులు మొదలైతే సరిగ్గా అతికిస్తే చాలా ఏళ్లు నడుస్తుంది. స్లైడ్ నడిమికి రెండు ముక్కలైతే మాత్రం దాన్ని అతికించి బరువు పనికి వాడమని నేను ఎవరికీ చెప్పను. అదే సైజు, అదే మోడల్ వైస్ ఇంకోటి తుక్కులో దొరికితే దాని స్లైడ్ తెచ్చి వేసుకోవడం మేలు.

షెఫీల్డ్‌లో సి అండ్ జె హాంప్టన్ కంపెనీ తయారుచేసిన రికార్డ్ వైస్‌లు, యార్క్‌షైర్ షిప్లీలో పార్కిన్‌సన్ వాళ్లు చేసిన పర్ఫెక్ట్ వైస్‌లు మన వైపు కూడా అక్కడక్కడ కనిపిస్తాయి. అలాంటివి చేతిలో ఉంటే కొంచెం ఖర్చయినా బాగుచేయించండి. పేరు లేని పాతదైనా పోత మందంగా ఉండి, స్లైడ్ వదులు లేకుండా నడుస్తుంటే అదే మాట.

అసలు ఇంత మందం వైస్ ఎలా విరుగుతుంది?

హ్యాండిల్‌కి పైపు తొడగడం వల్ల. నా దగ్గరికి వచ్చే వాటిలో ఎక్కువ భాగం కథ ఇదే. మన జిల్లాల్లో బోరు పైపు ముక్క లేని షెడ్డు ఉండదు. సబ్‌మెర్సిబుల్ పంపు విప్పేటప్పుడు జాయింటు రాకపోతే మూలకున్న పైపు ముక్క హ్యాండిల్‌కి ఎక్కించి ఇద్దరు కలిసి లాగుతారు. వైస్ హ్యాండిల్ పొడవు ఒక మనిషి చేతి బలానికి లెక్క కట్టి పెట్టింది. దాన్ని మూడింతలు చేస్తే స్క్రూ మీద పడే లాగుడు కూడా మూడింతలవుతుంది. స్క్రూ ఉక్కు కాబట్టి తట్టుకుంటుంది, చుట్టూ ఉన్న బీడు, అంటే పోత ఇనుము, తట్టుకోదు.

రెండో కారణం, కదిలే దవడ వైపు నుంచి సమ్మెట దెబ్బ వేయడం. కొట్టక తప్పకపోతే దెబ్బ ఎప్పుడూ కదలని దవడ వైపుకే పోవాలి. వెనక చదునుగా ఉండే దాగలి లాంటి భాగం చిన్న చిన్న ముక్కలు సాగగొట్టుకోవడానికే. దాని మీద గునపం మొన తీర్చబోతే పోత పగులుతుంది.

నా వైస్ బీడా, ఉక్కా? ఎలా తెలుస్తుంది?

ఇది తెలుసుకోకుండా అతుకు జోలికి పోవద్దు. చూడటం తేలికే.

కనపడని చోట, అడుగున, 4 ఎంఎం డ్రిల్ బిట్‌తో కొద్దిగా రంధ్రం పెట్టండి. బీడు అయితే పొడి రాలుతుంది, వేళ్ల మధ్య రుద్దితే పెన్సిల్ ముక్కు రుద్దినట్టు నల్లగా అంటుకుంటుంది. ఉక్కు అయితే చుట్టలు చుట్టుకుంటూ చీలిక వస్తుంది. గ్రైండర్ రాయి తాకించినా తెలుస్తుంది: బీడు నిప్పురవ్వలు పొట్టిగా, ఎర్రగా, రాయి దగ్గరే ఆరిపోతాయి, ఉక్కు రవ్వలు పొడుగ్గా, తెల్లటి పసుపులో ఎగురుతాయి. విరిగిన ముఖం చూస్తే బీడు బూడిదరంగులో గరుకు గింజలుగా ఉంటుంది, వంగిన గుర్తు ఎక్కడా ఉండదు.

పాత వైస్‌లలో ఎక్కువ భాగం బూడిద రంగు బీడే. అందులో కార్బన్ సుమారు 2.5 నుంచి 4 శాతం దాకా ఉంటుంది. ఆ కార్బన్‌లో ఎక్కువ వంతు గ్రాఫైట్ రేకులుగా లోపల పరుచుకుని ఉంటుంది. నొక్కితే తట్టుకుంటుంది, లాగితే ఆ రేకుల వెంబడే చీలుతుంది. గ్రాఫైట్ ఉండబట్టే కోయడం, డ్రిల్ చేయడం సులువు, వణుకూ మింగుతుంది. వైస్‌కి బీడు ఎందుకు వాడారో, ఎందుకు విరుగుతుందో రెండింటికీ కారణం అదే.

ఉక్కు పోత అయితే, లేదా ఎస్‌జీ ఐరన్ అని పోసిన సాగే రకం అయితే అంత సులువుగా పగలదు. ఉక్కు పోత వైస్ మెడ పగిలితే మంచి వెల్డర్ లో-హైడ్రోజన్ రాడ్‌తో సరిచేస్తాడు. ఈ కింద రాసిందంతా బీడుకే.

పగులు సన్నగా ఉంది. ఎంతవరకు పోయిందో కనిపించడం లేదు.

ముందు ఆ చోటు డీజిల్‌తో కడిగి, వైర్ బ్రష్‌తో రుద్ది, పెయింటు తీసేయండి. పగులు మీద కిరోసిన్ గానీ పల్చటి డీజిల్ గానీ పూసి పావుగంట ఆగండి. పొడిబట్టతో గట్టిగా తుడిచేసి, పైన సుద్ద పొడి చల్లండి, లేదా సుద్దముక్క నలగ్గొట్టి రుద్దండి. సుత్తితో పక్కన మెల్లగా తట్టండి. పగులులోకి దిగిన నూనె మెల్లగా పైకి వచ్చి సుద్ద మీద ముదురు గీత గీస్తుంది. మీరు అనుకున్న దానికన్నా అది పొడుగే ఉంటుంది, దాదాపు ప్రతిసారీ.

ఆ గీత చివర ఎక్కడ ఆగిందో పంచ్‌తో గుర్తుపెట్టి, అక్కడికి కొంచెం అవతల 3 ఎంఎం రంధ్రం వేయాలి. పగులు ఇంకా ముందుకు పాకకుండా అది ఆపుతుంది. ఈ రంధ్రం వేయకుండా అతికిస్తే వేడికి పగులు అతుకు దాటి పోతుంది.

వైస్‌ని తాడుకు వేలాడదీసి సుత్తితో తట్టి చూడటం ఇంకో పాత పద్ధతి. మంచి పోత అయితే కాసేపు మోగుతుంది. పగిలింది అయితే చప్పున ఆగిపోతుంది. ఏదో ఉందని తెలుస్తుంది గానీ ఎక్కడ ఉందో తెలియదు.

మా ఊరి వెల్డింగ్ షాపులో పది నిమిషాల్లో అతికిస్తామన్నారు. ఇచ్చేయనా?

ఏ రాడ్‌తో అతికిస్తారో అడిగాకే ఇవ్వండి. గేట్లు, గ్రిల్స్, ట్రాలీలు చేసే షాపులో ఉండేది మామూలు 6013 రాడ్. ట్రాక్టర్ ట్రాలీకి అది బ్రహ్మాండం. బీడుకి అది విషం.

ఏమవుతుందంటే, ఆర్క్ తగిలిన చోట బీడు కరిగి, చుట్టూ ఉన్న చల్లటి పోత ఆ వేడిని ఒక్కసారిగా లాగేసుకుంటుంది. కార్బన్‌కి గ్రాఫైట్‌గా విడిపోయే టైం ఉండదు. అతుకు అంచున సన్నటి పొర గాజులాగా గట్టిపడుతుంది. దాన్ని తెల్ల బీడు అంటారు. అక్కడ ఆకురాయి జారిపోతుంది, డ్రిల్ బిట్ మొద్దుబారుతుంది. చల్లారేటప్పుడు అతుకు కుదించుకుని లాగితే ఆ గట్టి పొర సాగలేక చీలుతుంది. షాపులో కూర్చుంటే టిక్, టిక్ అని చప్పుడు వినిపిస్తుంది. అతుకు చూడ్డానికి నిండుగా ఉంటుంది, ఇంటికి తెచ్చి బిగిస్తే అతుకు పక్కనే కొత్త గీతలో ఊడి చేతికి వస్తుంది. అప్పుడు మన పగులు ఒకటి కాదు, రెండు.

వెల్డర్‌ని తప్పుపట్టక్కర్లేదు. ఆయన పని అది కాదు. “బీడు రాడ్ ఉందా? లేకపోతే గ్యాస్ మీద ఇత్తడి పట్టిస్తారా?” అని అడగండి. రెండిటికీ లేదంటే వైస్ తిరిగి బండి మీద పెట్టుకుని రండి.

ఇత్తడి పట్టించడం అంటే ఎలా? వైస్‌కి అది ఆగుతుందా?

ఆగుతుంది. నేను మొదట చెప్పేది ఎప్పుడూ ఇదే. గ్యాస్ బ్రేజింగ్‌లో బీడు కరగదు. ఇత్తడి రాడ్ 900 డిగ్రీల లోపే కరిగి, శుభ్రంగా ఉన్న బీడు ముఖాన్ని పట్టుకుంటుంది. బీడు కరగాలంటే 1,150 డిగ్రీల పైన కావాలి. కరగదు కాబట్టి తెల్ల బీడు తయారవదు. ఇత్తడి కొంచెం సాగుతుంది కూడా, అందుకని చల్లారేటప్పుడు లాగుడును అది మింగేస్తుంది. బాగా పట్టిన ఇత్తడి అతుకు బలంలో ఆ బీడుకు తక్కువేం కాదు. రంగు వేరుగా కనిపిస్తుంది, అంతే. నాకైతే ఆ పసుపు గీత బాగుంటుంది.

చేసే వరస ఇది. పగులు వెంబడి వి ఆకారంలో గాడి తీయాలి, దాదాపు 90 డిగ్రీలు తెరుచుకునేలా, మందంలో ముప్పావు వంతు లోతుకు. గ్రైండర్‌తో మొదలుపెట్టినా చివర ఆకురాయితో రుద్దండి. గ్రైండర్ రాయి గ్రాఫైట్‌ని ముఖం మీద పులిమేస్తుంది, దాని మీద ఇత్తడి నిలవదు, నీటి బొట్టులా దొర్లిపోతుంది. వైస్ అరవై ఏళ్లు నూనె తాగి ఉంటుంది కాబట్టి ఆ చోటు గ్యాస్ మంటతో ఒకసారి వేడిచేసి, పొగ ఆగేదాకా కాల్చి, చల్లారాక మళ్లీ రుద్దాలి. ఇది మానేస్తే అతుకులో బుడగలు వస్తాయి.

తర్వాత రెండు ముక్కలను కలిపి పట్టి ఉంచడం. ఇక్కడే చాలామంది తొందరపడతారు. దవడ ముఖం వంకర అతుక్కుంటే తర్వాత ఎంత మిల్లింగ్ చేసినా తృప్తి ఉండదు. రెండు జా ప్లేట్ల చోట్ల మందమైన చదును పట్టీ పెట్టి, సి-క్లాంపులతో బిగించి, మూలమట్టం పెట్టి చూసుకుని అప్పుడు మంట వెలిగించాలి.

మొత్తం వైస్ బాడీని ముందు వేడెక్కించాలి. పగులు దగ్గర ఒక్కచోటే మంట పెడితే ఇంకో వైపు లాగి పగులుతుంది. 6 అంగుళాల వైస్ 20 కిలోలు దాటుతుంది, ఒక చిన్న గ్యాస్ టార్చ్‌తో అది వేడెక్కదు. మన ఊళ్లలో కమ్మరి కొలిమి ఇంకా నడుస్తున్న చోట పని సులువు: బొగ్గుల మీద మెల్లగా అరగంటో గంటో ఉంచితే చాలు. పోత మీద బట్టల సబ్బుతో ఒక గీత గీయండి. అది నల్లబడితే సుమారు 350 డిగ్రీలు దాటినట్టు. అక్కడి నుంచి గ్యాస్ మంటతో పగులు దగ్గర మసక ఎరుపు వచ్చేదాకా పెంచి, వెలిగారం గానీ కొన్న ఫ్లక్స్ గానీ అద్ది, మొదట పల్చగా ఒక పూత పట్టించి, తర్వాత గాడి నింపుకుంటూ రావాలి. బీడు కాంతివంతమైన ఎరుపుకు పోతే వేడి ఎక్కువైంది. ఇత్తడి నుంచి తెల్లటి పొగ వస్తుంటే జింక్ కాలిపోతోంది. ఆ పొగ పీల్చితే రాత్రికి చలిజ్వరం వస్తుంది, కాబట్టి ఆరుబయట, గాలికి ఎదురుగా కాకుండా నిలబడి చేయాలి.

చల్లార్చడం సగం పని. వేడి వేడిగానే పొడి బూడిదలో పూడ్చేయాలి. సున్నం పొడి అయినా ఫర్వాలేదు. మన వైపు రైస్ మిల్లుల దగ్గర గుట్టలుగా ఉండే ఊక బూడిద దీనికి అన్నిటికన్నా మంచిది, తేలిగ్గా ఉండి వేడిని బయటికి పోనివ్వదు. ఉక్కు ఫ్యాక్టరీల్లో కూడా కరిగిన ఉక్కు చల్లారకుండా పైన ఊక బూడిద చల్లుతారు. తడి లేకుండా ఉండాలి, అంతే. సాయంత్రం పూడ్చి మర్నాడు చేత్తో పట్టుకోగలిగినప్పుడు తీయండి. నీళ్లు చల్లడం, ఫ్యాన్ పెట్టడం చేస్తే అప్పటిదాకా చేసిందంతా దండగ.

నికెల్ రాడ్ ఎప్పుడు వాడాలి?

గ్యాస్ సెట్టు దొరకనప్పుడు, పగులు చిన్నదైనప్పుడు, లేదా అతుకు వేసిన చోటే తర్వాత డ్రిల్ చేసి మర వేయాల్సి వచ్చినప్పుడు. బీడు కోసం అమ్మే ఈ రాడ్లు రెండు రకాలు. ఒకదాంట్లో దాదాపు అంతా నికెలే, ఇంకోదాంట్లో నికెల్ సుమారు 55 శాతం, మిగతాది ఇనుము. మందమైన పోతకు రెండోది బలం ఎక్కువ, ధర కొంచెం తక్కువ. మామూలు రాడ్‌తో పోలిస్తే రెండూ ఖరీదే. సికింద్రాబాద్ రాణిగంజ్ వైపు పోయినప్పుడు అడిగితే కొన్ని షాపుల్లో విడిగా కూడా ఇస్తారు.

దీంతో చేసేటప్పుడు ఓపిక కావాలి. 2.5 ఎంఎం రాడ్, తక్కువ కరెంటు, ఒక్కసారికి అంగుళం మించని అతుకు. ఆపగానే, ఇంకా ఎర్రగా ఉండగానే గుండ్రటి తల సుత్తితో మెల్లగా తడుతూ పోవాలి. చెయ్యి పెట్టి ఓర్చుకోగలిగేంత చల్లారాకే ఇంకో అంగుళం, అదీ పక్కన కాకుండా దూరంగా ఇంకో చోట. కరెంటు తీసేస్తారేమోనని గబగబా పూర్తిచేస్తే పాత కథే.

ఎవరో ఇంతకు ముందే మామూలు రాడ్‌తో అతికించారు. ఇప్పుడు మళ్లీ విరిగింది.

పాత అతుకంతా గ్రైండర్‌తో కోసి తీసేయాలి, దాని పక్కనున్న గట్టి పొరతో సహా. ఆకురాయి పెట్టి చూస్తే ఎక్కడ జారుతోందో అక్కడిదాకా పోవాలి. మెత్తటి బీడు తగిలాక ఇత్తడి పట్టించుకోవచ్చు. రెండు మూడుసార్లు అలా కాల్చి ఉంటే మెడ దగ్గర తీయాల్సింది ఎక్కువై మిగిలేది తక్కువవుతుంది. అప్పుడు అటూ ఇటూ 8 లేదా 10 ఎంఎం ఎంఎస్ (మామూలు మెత్తటి ఉక్కు) ప్లేట్లు పెట్టి బోల్టులతో కలిపి బిగించడం నయం. అందంగా ఉండదు, పని చేస్తుంది.

ఎం-సీల్, అరాల్డైట్‌తో అతికిస్తే?

పెయింటు వేసే ముందు గుంటలు పూడ్చుకోవడానికి బాగుంటుంది. బిగింపు బరువు మోసే చోట వద్దు.

స్క్రూ తుప్పు పట్టి అసలు కదలడం లేదు.

పైపు తొడగాలనిపించేది సరిగ్గా ఇప్పుడే. తొడగకండి. ఆటోమేటిక్ గేర్లకు, పవర్ స్టీరింగ్‌కు వాడే పల్చటి ఏటీఎఫ్ ఆయిల్, అసిటోన్ సగం సగం కలిపి మరల్లోకి పోసి, రోజుకోసారి పోస్తూ రెండు మూడు రోజులు ఆగండి. అసిటోన్ అంటుకునే సరుకు, బీడీ తాగేవాళ్లని దూరం ఉంచండి. అది లేకపోతే డీజిల్ అయినా పనిచేస్తుంది, టైం ఎక్కువ పడుతుంది.

అప్పటికీ రాకపోతే నూనె తుడిచేసి, నట్ కూర్చున్న చోట బయటి నుంచి మెల్లగా వేడిచేయండి. చెయ్యి పెట్టలేనంత వేడి చాలు, ఎర్రబడక్కర్లేదు. ఆ వేడి మీద కొవ్వొత్తి ముక్క మరకు ఆనిస్తే మైనం కరిగి లోపలికి పాకుతుంది. తర్వాత హ్యాండిల్‌ని బిగించే వైపు పిసరంత, విప్పే వైపు పిసరంత, అటూ ఇటూ ఆడించండి. ఒకే వైపు లాగితే స్క్రూ మెలి తిరుగుతుంది. మొదటి కదలిక సుమారు గడియారం ముల్లు నిమిషం కదిలినంతే ఉంటుంది, చెవికి ముందు తెలుస్తుంది, కంటికి తర్వాత. అక్కడి నుంచి తొందరపడకుండా నూనె పోస్తూ తిప్పుకుంటూ రండి.

తుప్పు తీయడానికి ఏది మంచిది?

భాగాలు చిన్నవైతే నిమ్మ ఉప్పు. లీటరు నీళ్లకు 50 గ్రాములు కలిపి రాత్రంతా ఉంచి, పొద్దున బ్రష్‌తో రుద్దితే పోతుంది. ఎక్కువ రోజులు వదిలేస్తే బీడు నల్లబడి గుంటలు పడుతుంది. స్ప్రింగులని, గట్టిపరిచిన జా ప్లేట్లని ఆమ్లంలో ముంచకండి, తర్వాత పెళుసుగా విరుగుతాయి.

బెల్లం మడ్డి ఒక వంతు, నీళ్లు తొమ్మిది వంతులు కలిపి వారం పదిరోజులు నానబెట్టే పద్ధతి కూడా ఉంది. పనిచేస్తుంది, వాసన మాత్రం ఇంట్లోవాళ్లు ఊరుకోరు. పైగా మన దగ్గర నల్లబెల్లం ఎక్కువగా కొంటే ఎక్సైజ్ వాళ్లు ఎందుకని అడుగుతారు. వైస్ కోసం అంటే నమ్మరు.

మొత్తం బాడీకి అయితే బ్యాటరీ చార్జర్ పద్ధతి. ప్లాస్టిక్ టబ్బులో నీళ్లు, నాలుగు లీటర్లకు ఒక పెద్ద చెంచా బట్టల సోడా. చార్జర్ నెగెటివ్ వైరు వైస్‌కి, పాజిటివ్ వైరు పక్కన వేలాడదీసిన పాత ఇనుప కడ్డీకి. రెండూ తగలకూడదు. స్లాబ్‌లో మిగిలిన సలాక ముక్క సరిపోతుంది. స్టెయిన్‌లెస్ స్టీల్ ముక్క మాత్రం పెట్టొద్దు, అందులోని క్రోమియం నీళ్లను విషం చేస్తుంది. ఉప్పు కూడా వేయొద్దు, క్లోరిన్ వస్తుంది. వచ్చే బుడగలు హైడ్రోజన్, అందుకని ఆరుబయటే పెట్టండి.

బయటికి తీశాక మన బోరు నీళ్లతో కడిగి ఆరబెడితే తెల్లటి మరకలు, వెంటనే పల్చటి తుప్పు రెండూ వస్తాయి. కడిగిన వెంటనే బట్టతో తుడిచి మే నెల ఎండలో పెడితే నిమిషాల్లో ఆరుతుంది. చెయ్యి కాలేంత వేడిగా ఉన్నప్పుడే నూనె పూయండి.

బిగిస్తుంటే ఒక దశ దాటాక స్క్రూ జారిపోతోంది. కొత్త స్క్రూ చేయించాలా?

ఎక్కువసార్లు పోయేది నట్టే. స్క్రూ కన్నా నట్ మెత్తగా ఉంటుంది, అరిగిపోయే వంతు దానిది. వైస్ విప్పి నట్ తీసి, లోపల మర పళ్లు చూడండి. పన్ను మందం సగానికి పైగా ఉంటే ఇంకా నడుస్తుంది. అంచు కత్తిలా పదునెక్కిందంటే మార్చే టైం వచ్చింది.

స్క్రూ ముందుకూ వెనక్కీ కొంచెం ఆడుతోందని కంగారుపడి వస్తుంటారు. వైస్‌లో లాగుడు ఎప్పుడూ ఒకే వైపు కాబట్టి ఆ ఆటతో పట్టుకు నష్టం లేదు. హ్యాండిల్ పావు చుట్టు వృథాగా తిరుగుతుంది, అంతే.

కొత్త నట్ గన్‌మెటల్ అనే కంచు రకంలో చేయిస్తే ఎన్నో ఏళ్లు వస్తుంది. లేత్ షాపుకు నట్ ఒక్కటే ఇవ్వకండి, స్క్రూ కూడా ఇవ్వండి. పాత ఇంగ్లండ్ వైస్‌ల మర అంగుళాల లెక్కలో ఉంటుంది, చతురస్రపు పన్ను. స్క్రూ ఎక్కడ తక్కువ అరిగిందో, అంటే చివరి వైపు, అక్కడ కొలత తీసుకుని మర కోయాలి. ఎక్కువగా అరిగిన నడిమి చోట కొలిస్తే నట్ చివర దాకా ఎక్కదు. లేత్ ఆయన చివర “స్క్రూ వేసి చూశాను, నడుస్తోంది” అన్నాక, మీరు కూడా మొత్తం పొడవునా చేత్తో తిప్పి చూశాకే డబ్బులివ్వండి.

స్క్రూ వంగిందేమో చూడాలంటే గ్రానైట్ బండ మీద దొర్లించండి. మన దగ్గర గ్రానైట్‌కి కొదవలేదు, పాలిష్ చేసిన ముక్క చదును సరిపోతుంది.

స్క్రూ వెనక్కి తిప్పినా దవడ వెనక్కి రావడం లేదు.

ముందు దవడ లోపలి వైపు స్క్రూ మీదున్న స్ప్లిట్ పిన్ తెగింది, లేదా కాలర్ జారింది. సైకిల్ షాపులో దొరికే పిన్‌తో సరిపోతుంది. పక్కన వాషర్, స్ప్రింగ్ ఉన్నాయో లేదో చూసుకోండి.

జా ప్లేట్లు మొద్దుబారాయి, వాటి స్క్రూలు మాత్రం ఊడి రావు.

తల గాడి అరిగిపోకముందే ఇంపాక్ట్ డ్రైవర్ వాడండి, సుత్తితో కొడితే తిరిగే రకం. గాడి పోతే తల మీద ఒక నట్ పెట్టి లోపలి నుంచి వెల్డింగ్ చేసి, ఆ వేడి ఉండగానే పానాతో తిప్పితే చాలావరకు వస్తుంది. ఇక్కడ మామూలు రాడ్ ఫర్వాలేదు, పోయేది స్క్రూయే. బాడీకి మాత్రం తగలనివ్వకండి. చివరి దారి, తలను డ్రిల్‌తో తినేసి ప్లేటు తీసి, మిగిలిన కాండాన్ని పట్టుకారుతో లాగడం.

కొత్త ప్లేట్లకు లారీ కమాన్ పట్టీ చక్కగా పనికొస్తుంది. కొలిమిలో ఎర్రగా కాల్చి బూడిదలో చల్లారనిస్తే మెత్తబడుతుంది. అప్పుడు కోసి, రంధ్రాలు వేసి, గళ్లు కోసి, మళ్లీ చెర్రీ పండు ఎరుపుకు కాల్చి నూనెలో ముంచాలి. చివరగా మెరుగుపెట్టిన ముఖం మీద గడ్డి రంగు దాటి గోధుమ రంగు వచ్చేదాకా మెల్లగా వేడిచేసి ఆపాలి. ఈ చివరి పని వదిలేస్తే ప్లేటు మొదటి దెబ్బకే ముక్కలవుతుంది. షాపులో కొనేటట్టయితే ఓహెచ్‌ఎన్‌ఎస్ (నూనెలో ముంచి గట్టిపరిచే టూల్ ఉక్కు) అని అడగండి. సొంతంగా గట్టిపరచడం ఇబ్బందైతే హైదరాబాద్ బాలానగర్‌లో ఆ పని చేసే షాపులున్నాయి. 1968లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ వచ్చింది కూడా అక్కడే, టూల్ పనికి ఆ ప్రాంతం పాతకాపు.

ఇత్తడి వాల్వులు, పంపు షాఫ్టులు పట్టేవాళ్లకు గళ్ల ప్లేట్లు వద్దు, నున్నటివి వేయించుకోండి. లేదా గళ్ల మీద అల్యూమినియం యాంగిల్ ముక్కలు తొడుక్కోండి.

దవడలు పైన కలుస్తున్నాయి, కింద సందు ఉంది. తప్పా?

తప్పు కాదు. మెల్లగా మూసినప్పుడు పైన ముందు తగలాలి, బిగిస్తే కింద కూడా కలవాలి. పైనా కిందా కాగితం ముక్కలు పెట్టి మూసి, బిగించాక లాగి చూడండి, రెండూ పట్టుకోవాలి. కింద ముందు తగిలి పైన సందు ఉంటేనే బాధ. అప్పుడు జా ప్లేటు వెనక పైభాగంలో పల్చటి ఇత్తడి రేకు పెట్టి సరిచేయొచ్చు. స్లైడ్ అరిగి బాగా ఊగుతుంటే రేకుతో లాభం లేదు.

హ్యాండిల్ వంగింది.

మంచిదే, అది వంగబట్టే బాడీ మిగిలింది. తీసి చక్కచేసుకోండి. దాని బదులు ఇంకా గట్టి రాడ్ వేయకండి.

పెయింటు కాల్చి తీసేయొచ్చా?

పాత పెయింటులో సీసం ఉండొచ్చు. ఇళ్లలో వాడే పెయింట్లలో సీసం 90 పీపీఎం (పది లక్షల వంతుల్లో 90 వంతులు) మించకూడదన్న నియమాలు మన దేశంలో వచ్చిందే 2016లో. కాల్చితే ఆ పొగ, పొడిగా గీకితే ఆ దుమ్ము మన ఒంట్లోకే. రిమూవర్ పూసి, తడిగా ఉండగానే గీకండి, పిల్లలు తిరిగే చోట వద్దు. ఇత్తడి పట్టించేది ఉంటే మంట పెట్టకముందే ఈ పని అయిపోవాలి. తర్వాత రెడ్ ఆక్సైడ్ ఒక కోటు, పైన మీకు నచ్చిన ఎనామిల్. స్లైడ్‌కి, మరకు, జా ప్లేట్ల వెనక ముఖానికి రంగు వేయొద్దు.

పాత ఇనుప దుకాణంలో వైస్ కొనేటప్పుడు ఏం చూడాలి?

సాగర్ డ్యామ్‌కి 1955 డిసెంబర్‌లో శంకుస్థాపన అయ్యింది, 1967లో కాలువలకు నీళ్లు వదిలారు. ఎడమ కాలువ కింద వరి పెరిగి, దాంతో మిల్లులు, వాటికి వర్క్‌షాపులు వచ్చాయి. ఆ కాలపు సామాను ఇప్పుడు మెల్లగా తుక్కుకు చేరుతోంది, కాబట్టి మన వైపు వెతకడం దండగ కాదు.

కొనే ముందు పూర్తిగా తెరిచి చూడాలి. తెరుచుకోని వైస్‌కి తుక్కు రేటు మించి ఇవ్వొద్దు. స్లైడ్ కింది వైపు, మెడ వెనక వైపు వేలితో తడిమి చూడండి. కొత్తగా మందంగా పెయింటు వేసి ఉంటే అనుమానించండి, ముఖ్యంగా మెడ దగ్గర పెయింటు కింద ఉబ్బెత్తు గీత తగిలితే. సుద్ద ముక్క జేబులో వేసుకుపోతే దుకాణం ఆయన నవ్వుతాడు, నవ్వనివ్వండి.

అడుగు చెవి విరిగింది. ఎలా బిగించాలి?

10 ఎంఎం ఎంఎస్ ప్లేటు మీద వైస్‌ని కూర్చోబెట్టి, విరిగిన చెవి చోట పైనుంచి ఒక పట్టీ క్లాంపు వేసి ప్లేటుకు బోల్టు చేయండి. ఆ ప్లేటుని బెంచ్‌కి 12 ఎంఎం బోల్టులతో, కింద పెద్ద వాషర్లు వేసి బిగించండి. బెంచ్ చెక్కది అయితే మందమైన తుమ్మ చెక్క బాగుంటుంది. బెంచ్ చదునుగా లేకపోతే నాలుగు బోల్టులు సమానంగా బిగించేసరికి ఆ లాగుడుకే ఇంకో చెవి విరుగుతుంది, సందు ఉన్న చోట ముందే రేకు పెట్టండి.

కదలని దవడ ముఖం బెంచ్ అంచు కన్నా కొంచెం బయటికి ఉండాలి, పొడుగు పైపు నిలువుగా పట్టుకునేందుకు. దవడ పై అంచు మీ మోచేతి ఎత్తుకు వస్తే ఆకురాయి పని సుఖంగా ఉంటుంది.

అతికించిన వైస్ మీద ఎంత బలం పెట్టొచ్చు?

ఒక చేత్తో హ్యాండిల్ పట్టుకుని బిగించగలిగినంత. మొదటి నెల రోజులు వారానికోసారి ఆ సుద్ద పరీక్ష చేసి చూడండి. గీత కనపడకపోతే మామూలు పనులన్నీ చేసుకోవచ్చు. సమ్మెట పనులకు, బోరు పైపు జాయింట్లు విప్పడానికి మాత్రం పైపు వైస్ వేరే పెట్టుకోండి, గొలుసు రకం అయినా సరే.

నూనె ఎక్కడెక్కడ వేయాలి?

స్క్రూకి గ్రీజు, స్లైడ్‌కి పల్చటి నూనె. బీడు పొడి, ఎమెరీ పొడి గ్రీజులో కలిస్తే అదే నట్‌ని తినేస్తుంది, కాబట్టి కొత్త గ్రీజు వేసే ముందు పాతది డీజిల్ బట్టతో తుడిచేయండి. గ్రైండింగ్ చేసేటప్పుడు స్లైడ్ మీద ఒక పాత గోనెపట్టా కప్పితే చాలు.